గాలి తక్కువ, గొడవ ఎక్కువ

ముప్పై మీటర్ల లోతులో మనిషికి ఒడ్డున కన్నా నాలుగు రెట్లు గాలి ఖర్చవుతుంది. స్కూబా డైవర్‌కి అసలు ఖర్చు పడవ ఎక్కాక మొదలవుతుంది. అప్పుడు నోట్లో రెగ్యులేటర్ ఉండదు, ఎదురుగా పక్కవాడి సామాను ఉంటుంది.

వీళ్ళకి సముద్రంతో పేచీ లేదు. పేచీ అంతా గాలి గొట్టం పొడుగు దగ్గరే. కంచి గుడి ఏనుగు నుదుట ఏ నామం దిద్దాలని తరతరాలుగా కోర్టుకెక్కిన భక్తులకి ఈ సంగతి ఇట్టే బోధపడుతుంది. అక్కడ ఏనుగుని ఎవరూ అడగలేదు, ఇక్కడ చేపల్ని ఎవరూ అడగలేదు.

ఈ మతానికి మూలపీఠం ఫ్లోరిడాలో ఉంది. వకుల్లా స్ప్రింగ్స్ చుట్టుపక్కల నీటి గుహల్లో మైళ్ళ కొద్దీ ఈదేవాళ్ళు ఒక పద్ధతి పాటించారు. ఏడడుగుల గొట్టం ఉన్న రెగ్యులేటర్‌తో ఊపిరి పీల్చాలి, రెండోది రబ్బరు తాడుతో మెడలో వేలాడాలి. తోడొచ్చినవాడికి గాలి అయిపోతే నోట్లోది తీసి అతనికిచ్చి, మెడలోది తాను అందుకోవాలి. ఇరుకు సందులో ఒకరి వెనక ఒకరు బయటపడాలి గనక గొట్టం అంత పొడుగు. వంక పెట్టడానికి లేని ఆలోచన. 1990లలో జార్జ్ ఇర్విన్ లాంటి గుహ డైవర్ల చేతుల్లో పడి అదే 'డూయింగ్ ఇట్ రైట్' అయింది. మిగతా లోకం చేసేది తప్పని వేరే చెప్పక్కర్లేదు. అయినా చెప్పారు, విసుగు లేకుండా చెప్పారు. తమలో చేరనివాడికి 'స్ట్రోక్' అని పేరు పెట్టారు. స్ట్రోక్‌తో కలిసి నీళ్ళలో దిగకూడదన్నది మొదటి నియమం. చీకటి గుహలో ప్రాణం నిలిపిన గొట్టం ఇప్పుడు పన్నెండు మీటర్ల లోతున, పగడాల మీద, తల ఎత్తితే పడవ అడుగు కనిపించే చోట, సంప్రదాయ చిహ్నంగా ఊరేగుతోంది.

ఎదుటి పక్షం తక్కువ తినలేదు. జేబుల జాకెట్, చీలిక ఫిన్స్, సొరచేపతో ద్వంద్వయుద్ధానికి బయల్దేరినట్టు కాలికో కత్తి. ఆ కత్తి ఎన్నడూ దేన్నీ కోయలేదు. దాని ఉక్కు మంచిదా, టైటానియం మంచిదా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

ఇక చదువు సంగతి. 1966లో ఇల్లినాయ్‌లో డైవింగ్ సామాను అమ్మే సేల్స్‌మన్ ఒకాయన, ఈత నేర్పే మాస్టారు ఒకాయన కలిసి ప్యాడీ అనే శిక్షణ సంస్థని పెట్టారు. అమ్మకమూ చదువూ కలిస్తే ఏం పుడుతుందో మన కార్పొరేట్ కాలేజీలకి ఫీజులు కట్టినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. సముద్రంలో నాలుగు మునకలకి ఓపెన్ వాటర్ కార్డు, ఇంకో అయిదు మునకలకి 'అడ్వాన్స్‌డ్' కార్డు. తొమ్మిది మునకల మహాప్రౌఢుడు! గిట్టనివాళ్ళు ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాల పేరుకి 'ఇంకో డాలరు పడెయ్' అని భాష్యం చెబుతారు. పొడుగు గొట్టం వాళ్ళ కోర్సులో ఫీజు కట్టి మరీ ఫెయిల్ కావచ్చు, అందుకే దానికి గౌరవం ఎక్కువ. మూడో మూల పాతకాలపు పెద్దలు కూర్చుని ఉంటారు. తమ రోజుల్లో కొలను అడుగున మాస్కు లాగేసి, గాలి కట్టేసి నేర్పేవారట, అదీ చదువంటే! చెబుతున్నవాళ్ళందరూ బతికి బయటపడ్డవాళ్ళే గనక ఆ పద్ధతికి ఒక్క ఫిర్యాదూ లేదు.

చాలాచోట్ల ఇప్పటికీ కొత్తవాణ్ణి నీటి అడుగున మోకాళ్ళ మీద కూర్చోబెట్టి పాఠం చెబుతారు. మర్నాడు పగడాల మీదికి తీసుకెళ్ళి, దేన్నీ తాకకుండా తేలమంటారు. వాడు నేర్చుకున్న ఆసనం వాడు వేస్తాడు.

ఈ పండితుల దూరదృష్టికి నైట్రాక్స్ కథ చాలు. మామూలు గాలి కన్నా ఆక్సిజన్ ఎక్కువ, నైట్రోజన్ తక్కువ, అంతే. అమెరికా ప్రభుత్వ సముద్ర శాస్త్రజ్ఞులు అప్పటికే ఏళ్ళుగా వాడుతున్నారు. అయినా వ్యాపార పెద్దలకి అది చేతబడి గాలిగా కనిపించింది. 1992లో జరిగే పరిశ్రమ ప్రదర్శనకి నైట్రాక్స్ నేర్పేవాళ్ళు రాకూడదన్నారు, గొడవయ్యాక ఆ మాట వెనక్కి తీసుకున్నారు. కొన్నేళ్ళు తిరిగేసరికి ప్యాడీతో సహా అందరూ ఆ చేతబడికి సర్టిఫికెట్లు అమ్ముతున్నారు. తప్పైందని ఎవరూ అన్నట్టు లేదు. రేటు మాత్రం అన్నారు.

ఇంతకీ చచ్చేవాళ్ళు దేనివల్ల చస్తున్నారు? 1992 నుంచి 2003 దాకా జరిగిన 947 డైవింగ్ మరణాలను పరిశీలించి, 2008లో డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ పరిశోధకులు లెక్క చెప్పారు. ప్రమాదం ఎక్కడ మొదలైందో తేలిన కేసుల్లో 41 శాతం గాలి చాలకపోవడం. సామానుతో వచ్చిన ఇబ్బంది 15 శాతం. ప్రాణం మీదికి తెచ్చిన దెబ్బల్లో గుండెది దాదాపు నాలుగో వంతు. గుండె మీద మాత్రం పడవలో చర్చ జరగదు, దానికి కొత్త మోడల్ రాదు కదా.

ఈ అంకెలు వినిపిస్తే రెండు పక్షాలూ చేతులు కలుపుతాయనుకున్నారా? పొడుగు గొట్టం ఉంటే ఆ 41 శాతం బతికేదని ఒకరు. గురువు సరైనవాడైతే గొట్టంతో పనేమిటని ఇంకొకరు. మధ్యలో ఎవరో అమాయకుడు, "అప్పుడప్పుడూ గేజ్ చూసుకుంటే సరిపోదా అండీ?" అన్నాడనుకోండి. పడవంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ వెంటనే రెండు వైపుల నుంచీ ఒకే ప్రశ్న:

"ఏ గేజ్? ముల్లుదా, వైర్‌లెస్‌దా?"