టైమింగ్ బెల్టు బిగువు మీమాంస

కారు ఇంజనులో పిస్టనుకు పేరుంది, కార్బురేటరుకు చరిత్ర ఉంది; వాటన్నిటినీ ఒక లయలో నడిపించే టైమింగ్ బెల్టు మాత్రం, తెగేదాకా, యజమాని ఎరుకలో ఉండదు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో పిస్టన్ల పైకీ కిందికీ సాగే కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి, గాలిని లోనికి రానిచ్చే, పొగను బయటికి పంపే వాల్వులను తెరిచే కామ్ షాఫ్ట్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి; ఈ లెక్క తప్పకుండా చూడటానికే ఆ రబ్బరు పట్టీకి లోపలి వైపు పళ్ళు పెట్టారు. క్రాంక్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగే వేళ ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది గనుక, శుభలేఖలో వేసిన ముహూర్తానికి గంట ఆలస్యంగా వెళ్ళే అలవాటున్న వారికి ఈ యంత్రాంగం బొత్తిగా అర్థం కాదు.

పూర్వం ఈ పని గొలుసు చేసేది. 1962లో పశ్చిమ జర్మనీకి చెందిన గ్లాస్ సంస్థ తన 1004 కారులో పళ్ళ బెల్టును వాడి, అదే పని తక్కువ ఖర్చుతో, తక్కువ చప్పుడుతో జరుగుతుందని చూపింది; భారతదేశంలో, గొలుసుతో నడిచే అంబాసిడర్‌కు అలవాటుపడ్డ మధ్యతరగతి ఇళ్ళకు 1983 చివరలో వచ్చిన మారుతి 800 ఈ బెల్టును పరిచయం చేసింది. అరిగిన గొలుసు చాలాకాలం గొణిగి, సణిగి, నలుగురికీ వినిపించేలా మొరపెట్టుకుంటుంది. బెల్టు చాలాసార్లు ఒక్క మాటైనా అనకుండా తెగిపోతుంది. పిస్టను పైకి వచ్చినప్పుడూ, వాల్వు కిందికి తెరుచుకున్నప్పుడూ ఒకే చోటును ఆక్రమించేలా కట్టిన ఇంజనైతే అవి రెండూ ఢీకొని వాల్వులు వంగుతాయి, ఇంజను పైభాగమైన హెడ్డు దింపాల్సి వస్తుంది, అప్పుడు మెకానిక్ చెప్పే అంకె విని యజమాని ముందుగా స్టూలు వెతుక్కుంటాడు.

ఇన్ని కిలోమీటర్లకు గానీ, ఇన్నేళ్ళకు గానీ, ఏది ముందైతే అప్పుడు బెల్టు మార్చాలని తయారీదారులు చెబుతారు. వాకిట్లో కదలకుండా నిలిపిన కారులో కూడా రబ్బరుకు వయసు మీద పడుతుందన్న సంగతి, కారును దుమ్ము పడకుండా గుడ్డ కప్పి దాచుకునేవారు ఎన్నటికీ ఒప్పుకోరు. పైగా చాలా ఇంజన్లలో వాటర్ పంపు కూడా ఈ బెల్టు వెనుకే ఉండటం వల్ల, ఎలాగూ విప్పాం గనుక అదీ మార్చేద్దామని మెకానిక్ అంటే, న్యాయమైన ఆ సలహాలో యజమానికి కుట్ర కనిపిస్తుంది.

ఇంజను చల్లారాక, మొదటి సిలిండరు పిస్టనును శిఖరస్థానానికి, అనగా అది ఎక్కగలిగినంత ఎత్తుకు తెచ్చి, బెల్టు చుట్టుకున్న పుల్లీల మీది గుర్తులను వాటికి ఎదురుగా ఇంజను మీదున్న గుర్తులతో కలిపిన తరువాతే పాత బెల్టు తీయాలి. క్రాంక్ పుల్లీకి 20 పళ్ళుంటే, ఒక్క పన్ను జారినా 18 డిగ్రీల తేడా వస్తుంది.

ఇంతవరకు అంతా గణితమే. అసలు తాత్త్విక సమస్య బిగువు దగ్గర మొదలవుతుంది. బెల్టు వీపును నొక్కిపట్టే చిన్న చక్రాన్ని టెన్షనర్ అంటారు. పాత పద్ధతిలో దాని ఇరుసు నడిమధ్యన కాక ఒక పక్కకు ఉంటుంది గనుక, దాన్ని తిప్పేకొద్దీ బెల్టు బిగుస్తుంది. ఎంత బిగించాలన్న ప్రశ్నకు సంప్రదాయం ఇచ్చిన జవాబు ఏమిటంటే, రెండు పుల్లీల నడుమ పొడవైన చోట బొటనవేలు, చూపుడువేలు పెట్టి మెలిపెడితే బెల్టు పావు చుట్టు తిరగాలి, అంతకు మించకూడదు. ఎవరి వేళ్ళతో అన్నది మాత్రం సంప్రదాయం చెప్పలేదు. ముప్పై ఏళ్ళు పానా పట్టిన మేస్త్రీ వేళ్ళకు వదులైన బెల్టు నిన్న పనిలో చేరిన కుర్రాడికి ఇనుపకడ్డీ అవుతుంది. అరిసెల పాకంలాగే ఇదీ చేతికి తెలియాల్సిందే తప్ప కొలతకు లొంగదని మేస్త్రీలు భావిస్తారు. మరీ బిగిస్తే బెల్టు కూతపెట్టి బేరింగులను తినేస్తుంది, మరీ వదిలేస్తే కవరుకు కొట్టుకుంటూ ఏదో ఒక రోజు పన్ను దాటుతుంది. అల్యూమినియం ఇంజను వేడికి వ్యాకోచించి బెల్టును తానే ఇంకొంత బిగిస్తుంది గనుక కొలత చల్లని ఇంజను మీదే చూడాలి, ఈ నియమానికి ప్రధాన శత్రువు పక్కనే నిలబడి, గడియారం చూసుకుంటూ, "అయిపోయిందా?" అని అడిగే యజమాని. తరువాతి కాలంలో స్ప్రింగుతోనో, నూనె ఒత్తిడితోనో తమంతట తామే సర్దుకునే టెన్షనర్లు వచ్చి వేళ్ళకు పని తప్పించినా, మేస్త్రీ వాటిని కూడా ఒకసారి మెలిపెట్టి చూడనిదే మూత వేయడు.

చివరగా క్రాంకును పానాతో, అది మామూలుగా తిరిగే దిశలోనే, రెండు చుట్లు నిదానంగా తిప్పి గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూస్తారు; మధ్యలో ఎక్కడైనా గట్టిగా అడ్డుతగిలితే బలం వాడకూడదు, ఎందుకంటే ఆ అడ్డు వాల్వు కావచ్చు. గుర్తులు కలిస్తే పని పూర్తయినట్టే. అప్పుడు యజమాని పాత బెల్టు చూపించమంటాడు, కొత్తదాని పక్కన ఊహించుకుని రెంటికీ పెద్దగా తేడా లేదని నొచ్చుకుంటాడు, ఎందుకైనా పనికొస్తుందని దాన్ని డిక్కీలో వేసుకుని ఇంటికి పోతాడు.