పేరు చూసి నమ్మాను

2020 జూన్ 29 రాత్రి టిక్‌టాక్, షేర్‌ఇట్, యూసీ బ్రౌజర్ సహా 59 చైనా యాప్‌లను కేంద్రం నిషేధించింది. గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో మన సైనికులు 20 మంది నేలకొరిగి అప్పటికి రెండు వారాలు. వారిలో ఒకరైన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు అంతిమయాత్ర ఇంకా కళ్లముందే ఉంది. మనవాళ్ల సమాచారం అనుమతి లేకుండా విదేశీ సర్వర్లకు చేరుతోందంటూ ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద ఆ ఉత్తర్వు ఇచ్చారు. నా ఫోన్లో ఉన్నవాటిని వెంటనే తీసేశాను. అది మంచి పనే. నా తెలివితక్కువతనం ఆ తర్వాత మొదలైంది. ఇక ఫోన్లో మిగిలినవన్నీ మనవే, భయం లేదనుకున్నాను.

ఆ ఏడాది చివర్లో అన్నయ్య కొడుకు ఒక లోన్ యాప్ చూపించి, "బాబాయ్, ఇది మంచిదేనా?" అని అడిగాడు. లాక్‌డౌన్‌లో వాడి ఉద్యోగం పోయింది. యాప్ పేరు మన పేరే, చిరునామా మన దేశానిదే. "చైనాది కాదులేరా, తీసుకో" అన్నాను. అప్పిచ్చేదెవరో, వాళ్లకు రిజర్వ్ బ్యాంకు గుర్తింపు ఉందో లేదో చూడలేదు. కాంటాక్టులకూ ఫొటోలకూ అనుమతి అడిగితే వాడు ఆగి నా మొహం చూశాడు. నొక్కమన్నది నేనే.

వాయిదా తప్పగానే వాడి ఫొటో పెట్టి, దొంగ అని రాసి, ఫోన్లో నంబరున్న ప్రతి ఒక్కరికీ పంపారు. మా వదినకు, పాత ఆఫీసువాళ్లకు, చివరికి పాలు పోసే ఆయనకు కూడా. వాడు గది దాటి బయటికి రాలేదు. అలాంటి వేధింపులు తట్టుకోలేక తెలుగు రాష్ట్రాల్లో ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. వదిన రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండబట్టి వాడు మాకు దక్కాడు.

ఇక్కడివాళ్ల పేర్లతో రిజిస్టరైన కొన్ని లోన్ యాప్ కంపెనీల వెనక చైనీయులున్నారని హైదరాబాద్ పోలీసుల దర్యాప్తులో తర్వాత బయటపడింది. నేను పేరు చూసి ఊరుకున్నాను, దాని వెనక ఎవరున్నారో వెతకలేదు.

నిషేధాన్ని నేను తప్పుపట్టను. ప్రభుత్వ నిఘా పనికి సంస్థలన్నీ సహకరించాలని చైనా 2017లోనే చట్టం చేసింది. కాబట్టి ఆ ప్రమాదం నిజమైనదే. కానీ నిషేధంతో యాప్ పోతుందే తప్ప, అప్పటికే చేరిపోయిన సమాచారం తిరిగి రాదు. రేపు మరో పేరుతో వచ్చేదాన్ని అది ముందుగా ఆపలేదు. లోన్ యాప్‌లు కాంటాక్టుల జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో ఆదేశించింది. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. అవి మనకు కావలసినవే. అయినా దొంగ యాప్ నిబంధనలు చదువుకుని రాదు.

యాప్ ఏ దేశానిదన్నది ఇప్పుడు నాకు రెండో ప్రశ్న. అది నా నుంచి ఏమడుగుతోంది, అది దానికెందుకు అన్నది మొదటిది. అప్పివ్వడానికి మా వదిన నంబరు ఎందుకని ఆ రోజు అడిగి ఉంటే వాడికి ఆ నరకం తప్పేది. వాడు నమ్మింది యాప్‌ను కాదు, నా మాటను.