గుంతకు టేపు, బ్యారేజీకి కొబ్బరికాయ

ఎండాకాలం నర్మెట్ట మండలంలో ఏ చెరువు కట్ట ఎక్కినా కనిపించేది ఒకటే. గడ్డపార పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, కూలీలంతా ఫోను ముందు వరుస కడతారు. పొద్దున ఒక ఫొటో, మధ్యాహ్నం ఇంకోటి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ హాజరు అట్లనే పడాలని ఢిల్లీ హుకుం. సిగ్నల్ అందకపోతే చేసిన పని గాల్లో దీపమే.

ఆ తర్వాత టేపు వస్తుంది. పొడవు, వెడల్పు, లోతు. కొలత తగ్గితే కూలి తెగుతుంది. ఆ పైన సామాజిక తనిఖీ. మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వచ్చి, "ఎన్ని రోజులు పనికి పోయినవ్ అవ్వా?" అని అడుగుతారు. ఆఖరికి మండలంలో ప్రజావేదిక పెట్టి, మైకులో అందరికీ వినిపించేట్టు చదివి, తేడా వస్తే ఫీల్డ్ అసిస్టెంటు మీద రికవరీ రాస్తారు.

మంచిదే. ప్రజల సొమ్ముకు ఆమాత్రం లెక్క ఉండాల్సిందే. ఆ టేపు పెంబర్తి దాటి హైదరాబాద్ దాకా ఎందుకు సాగదన్నదే మా గోస.

అక్కడ పొదుపు ఉపన్యాసాలకు కరువు లేదు. ప్రతిపక్షంలో కూర్చుంటే కాగ్ నివేదిక భగవద్గీత, అధికారంలోకి రాగానే పాత పేపరు. 2023 డిసెంబర్ 20న కొత్త కాంగ్రెస్ సర్కారు శాసనసభలో శ్వేతపత్రం పెట్టి, రాష్ట్రం అప్పు 6,71,757 కోట్లంది. నాలుగు రోజులకు బీఆర్ఎస్ (పాత టీఆర్ఎస్) నేత కేటీఆర్ స్వేదపత్రం తీశారు. తెలుపు ఒకరిదట, చెమట ఇంకొకరిదట. అసలు చెమట ఓడ్చినోళ్లు కట్ట మీద ఫొటోకు నిలబడే ఉన్నారు.

లెక్కలడగడానికి సభకు ప్రజా పద్దుల కమిటీ, అదే పీఏసీ, ఉంది. దాని పీట ప్రతిపక్షానిదని ఆనవాయితీ. 2019లో పన్నెండు మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో కలిసిపోయాక, ఆ పీట టీఆర్ఎస్‌ నేస్తం మజ్లిస్‌కు దక్కింది. 2024లో, బీఆర్ఎస్ గుర్తు మీద గెలిచి ముఖ్యమంత్రి చేత కండువా కప్పించుకున్న అరెకపూడి గాంధీకి దక్కింది. ఏ పార్టీ వచ్చినా లెక్కల పంతులును బడిదొంగే ఎంచుకుంటున్నాడు.

భూపాలపల్లి జిల్లా మేడిగడ్డ దగ్గర కాళేశ్వరం బ్యారేజీకి 2019 జూన్‌లో పూజలు ఘనంగా జరిగాయి. 2023 అక్టోబర్ 21న పిల్లర్లు కుంగాయి. 2024 ఫిబ్రవరిలో సభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక, కాళేశ్వరంలో రూపాయి పెడితే తిరిగొచ్చేది 52 పైసలేనంది. మా గుంత జానెడు తగ్గితే ఆ వారమే కూలి కోత. బ్యారేజీ సంగతి మాత్రం అది కుంగాక తెలిసింది.

అందుకని పొదుపు కోరే శాసనసభ్యులకు నర్మెట్ట తరఫున ఒక చిన్న సవరణ. సభలో పొద్దున ఒక ఫొటో, మధ్యాహ్నం ఒకటి. వాకౌట్ చేస్తే సగం కూలి. 2016 మార్చిలో సభ తన సభ్యుల జీతభత్యాలను నెలకు రెండున్నర లక్షలకు పెంచుకుంది. 2025లో వచ్చిన 307 రూపాయల కూలితో, ఏడాదికి అప్పటి వంద రోజుల లెక్కన, ఆ ఒక్క నెల జీతం సంపాదించడానికి మా అవ్వకు ఎనిమిదేళ్లు పైనే పడుతుంది.

ఇక ప్రజావేదిక మా ఊళ్లోనే పెట్టండి. టెంటూ మాదే, మైకూ మాదే. కాగ్ నివేదిక పేజీ పేజీ చదవండి. అయిపోయాక అవ్వ లేచి ఒక్కటే అడుగుతుంది:

"అంత బాగనే ఉన్నది గని సారూ, రికవరీ ఎవరి పేరు మీద రాసిన్రు?"