గట్టు దాకా నడవకుండానే పాసా?

మా రోజుల్లో డీబగ్గర్ చూపిన అంకెను చూపినట్టే నమ్మేవాళ్ళం కాదు. డాస్‌లో డీబగ్ తెరిచి డీ నొక్కితే 128 బైట్లు, వరుసకు పదహారు చొప్పున తెర మీద పడేవి. అరేలో 20 పెట్టామంటే అక్కడ హెక్స్‌లో 14 00 కనబడి తీరాలి. కనబడకపోతే చిరునామా తప్పిందా, ప్రోగ్రామ్ తప్పిందా అని కాగితం, పెన్సిలు తీసేవాళ్ళం.

ఇప్పుడు మా ఊరు మర్పల్లిలో ఇంట్లో కూర్చునే హైదరాబాద్ ఉద్యోగం చేస్తున్నారు పిల్లలు. సంతోషమే. మా తమ్ముడి కొడుకు డీబగ్గర్‌కు టెస్టులు రాస్తాడు. మొన్న వచ్చి, "పెద్దనాయనా, డీబగ్గర్ సీ++ వెక్టర్‌ను, అంటే పెరిగే అరేను, కరెక్టుగా చదువుతుంది, టెస్టు పాసైంది" అన్నాడు. ఏం టెస్టురా అని చూస్తే, 10, 20, 30 వేసి ప్రింట్ కొట్టాడు. మూడూ వచ్చాయి. అయిపోయిందట!

మా మర్పల్లిలో పొలం కొనేవాడు పహాణీ చూసి డబ్బు లెక్కపెట్టడు. గట్టు దాకా నడిచి వస్తాడు. వీళ్ళు ఆ గట్టు దాకానే పోరు.

వాణ్ణి పక్కన కూర్చోబెట్టి జీడీబీ అనే డీబగ్గర్‌లో ఆ వెక్టర్ ముడి రూపం తీయించాను. జీసీసీ లైబ్రరీలో వెక్టర్ అంటే మూడు పాయింటర్లు, 64 బిట్ మెషీన్‌లో 24 బైట్లు. మొదలు ఎక్కడ, నిండింది ఎంతవరకు, తీసుకున్న జాగా ఎక్కడ ముగుస్తుంది, అంతే. మొదటి రెండింటికీ తేడా 12 బైట్లు. ఒక్కో అంకెకు 4 కాబట్టి మూడు అంకెలు. మూడో పాయింటర్ మొదటిదానికి 16 బైట్ల అవతల ఉంది, అంటే నాలుగింటికి చోటుంది. ఆ నాలుగో గడిలో ఏముందో ఎవరికీ పట్టదు, కానీ డీబగ్గర్ దాన్ని నాలుగో అంకెగా చూపిందా లేదా అన్నదే అసలు పరీక్ష. నాలుగు నిండాక ఐదోది వేస్తే చోటు ఎనిమిదికి పెరిగి, అరే మొత్తం కొత్త చిరునామాకు పోతుంది. అప్పుడు డీబగ్గర్ సరిగా చదివిందా? వెక్టర్ పుట్టే లైను కంటే ముందే ఆపితే ఆ మూడు పాయింటర్లలో చెత్త ఉండొచ్చు, పొడవు లక్షల్లో చూపొచ్చు. అది చూశాడా? లేదు. జీడీబీ మామూలుగా 200 అంకెల దగ్గర ఆగి చుక్కలు పెడుతుంది. 201వ అంకె ఉన్న టెస్టు? అదీ లేదు.

రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో జీడీబీ రాసినప్పటి నుంచి దానికి తెలివి పెరుగుతూనే వచ్చింది. 2009లో 7.0తో పైథాన్ చేరాక వెక్టర్‌ను అందంగా విప్పి చూపడం మొదలైంది. ఆ అందమే నాకు భయం. వెనక బైట్లున్నాయన్న సంగతే పిల్లలు మరిచిపోతున్నారు.

ఫోర్ట్రాన్ ఇంకా కఠినం. అక్కడ అరే మైనస్ 2 నుంచి 2 దాకా కూడా ఉండొచ్చు. జాగా ఇంకా ఇవ్వకపోతే "నాట్ అలొకేటెడ్" అని రావాలి, సున్నాలు రాకూడదు. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో సముద్రం లెక్కలు వేసే రోమ్స్ లాంటి మోడళ్ళు ఫోర్ట్రాన్‌వే. అలాంటి చోట డీబగ్గర్ ఒక్క గడి పక్కకు చదివితే, తప్పు వెతికే మనిషి బాగున్న కోడ్‌ను రోజుల తరబడి తవ్వుతూ కూర్చుంటాడు.

పాత టెస్టు తీసేయించి కొత్తవి రాయించాను. ఖాళీ అరే, నిండి జరిగిన అరే, పుట్టని అరే, 201 అంకెల అరే. ప్రతిదానికీ బైట్లు ముందు కాగితం మీద రాయాలి, తర్వాతే ప్రింట్ కొట్టాలి.