పరగడుపు పంచాయతీ

హషిమోటో థైరాయిడైటిస్ అనే జబ్బులో ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ బయటి శత్రువును వదిలేసి సొంత థైరాయిడ్ గ్రంథి మీదే పడుతుంది. గొంతు ముందు భాగంలో ఉండే ఆ చిన్న గ్రంథి ఏళ్ల తరబడి దెబ్బలు తిని, ఇక హార్మోను తయారుచేయలేక చేతులెత్తేస్తుంది. దాంతో నీరసం, చలి, మలబద్ధకం, జుట్టు రాలడం, బరువు పెరగడం ఒక్కొక్కటిగా బయటపడతాయి. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి రక్తపరీక్ష దాకా పోవడానికి చాలా కాలం పడుతుంది. ఈలోగా ఇంట్లోవాళ్లు నీరసానికి "పని చేయక", బరువుకు "తిని కూర్చుని" అని రోగనిర్ధారణ చేసేసి ఉంటారు.

1912లో జపాన్ వైద్యుడు హకరు హషిమోటో నలుగురు స్త్రీల గ్రంథులను పరీక్షించి ఈ జబ్బును మొదటిసారి వర్ణించాడు. ఇప్పుడిది ఎక్కడో జపాన్ సంగతి కాదు. హైదరాబాద్‌తో సహా ఎనిమిది భారతీయ నగరాల్లో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ మందగించి ఉంది.

చికిత్స చరిత్ర రుచికరమైనది. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదిమందుగా ఇచ్చి ఒక స్త్రీని బాగుచేశాడు. ఆమె ఆ తర్వాత 28 ఏళ్లు బతికింది. మరుసటేడు ఫాక్స్ అనే వైద్యుడు సూది ఎందుకని, గొర్రె థైరాయిడ్‌ను కాస్త వేయించి పండ్ల జెల్లీతో తినమన్నాడు. ఆ పద్ధతే నిలిచి ఉంటే కర్ణాటకలోని బీదర్ పాతబస్తీలో మందు దుకాణం పని మటన్ దుకాణమే చూసుకునేది. కానీ 1914 క్రిస్మస్ రోజున అమెరికాలో కెండాల్ ఆ గ్రంథి హార్మోనైన థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా వేరుచేశాడు, 1927లో దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేశారు. వేపుడు కాస్తా గోలీ అయింది.

ఆ గోలీ పేరు లీవోథైరాక్సిన్. మామూలుగా రాసే 50 మైక్రోగ్రాముల గోలీలో అసలు మందు ఒక గ్రాములో ఇరవై వేలవ వంతు. ఇంత చిన్నదానికి షరతులు మాత్రం పెద్దవి: ఖాళీ కడుపుతో, మంచినీళ్లతో, ఆ తర్వాత అరగంట నుంచి గంట వరకూ ఏమీ తినకుండా, తాగకుండా. ఎందుకంటే గోలీ కరగడానికి జీర్ణాశయంలో ఆమ్లం కావాలి, కరిగింది చిన్నపేగులోంచి రక్తంలోకి ఎక్కాలి. తిండి అడ్డొస్తే ఎక్కేది తగ్గుతుంది, ఎంత తగ్గిందో రోజుకో లెక్క.

బీదర్‌లో చిక్కంతా ఇక్కడే. పరగడుపు ఒక్కటే, హక్కుదారులు అరడజను. షుగరుకు మెంతి నీళ్లు పరగడుపునే తాగాలి. బరువు తగ్గడానికి నిమ్మరసం, తేనె పరగడుపునే. గ్యాస్ గోలీ పరగడుపునే. నానబెట్టిన బాదం పరగడుపునే. సాక్షాత్తూ థైరాయిడ్‌కే ధనియాల నీళ్లు, అవీ పరగడుపునే. ఇన్ని దావాల మధ్య చాయ్ మాత్రం ఏ అర్జీ పెట్టుకోదు, తెల్లవారగానే నేరుగా స్వాధీనం చేసుకుంటుంది.

"గంట ఆగాలన్నడు అత్తమ్మా డాక్టరు," అంటుంది కోడలు గ్లాసు పక్కన పెడుతూ.

"గంటంటే ఏందే, పది నిమిషాలే. డాక్టర్లు జర ఎక్కువే చెప్తరు. తాగు, సల్లగైతది."

డాక్టరు చెప్పిన గంటకు అత్తగారు కట్టిన ఈ తగ్గింపు ధర ఇంటింటా అమల్లో ఉంది. ఇటలీ వైద్యులు 2008లో కాఫీతో పాటు వేసుకున్న గోలీ సరిగా ఒంటబట్టదని చూపించారు. చాయ్‌లో పాలున్నాయి, పాలల్లో కాల్షియం ఉంది. అది థైరాక్సిన్‌ను పట్టుకుని వదలదు. కాల్షియం గోలీ, ఐరన్ గోలీ అయితే నాలుగు గంటల ఎడం ఉండాలి. రక్తహీనతకు ఐరన్, మోకాళ్లకు కాల్షియం, థైరాయిడ్‌కు థైరాక్సిన్ మూడూ గుప్పెట్లో పోసుకుని ఒక్క గుక్కలో మింగి "పని అయిపోయింది" అనుకునేవాళ్లకు పని నిజంగానే అయిపోతుంది, మందు పని. గ్యాస్ గోలీది ఇంకో దారి. అది ఆమ్లాన్నే తగ్గిస్తుంది. రెండూ తప్పనిసరైతే మోతాదు సర్దాల్సింది డాక్టరే.

ఉపవాసం నాడు గోలీ మానేయడం మరో ఆచారం. నిజానికి ఆ గోలీకి ఏడాది మొత్తంలో అంతకన్నా మంచి రోజు దొరకదు.

తిండి విషయానికి వస్తే బీదర్‌కు ఒక చారిత్రక ఇబ్బంది ఉంది. 1956 నవంబరు 1 దాకా ఇది హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లా. రాష్ట్రాల పునర్విభజనలో జహీరాబాద్, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు, ఉద్గీర్ వైపు తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి, మిగిలింది మైసూరుకు పోయాయి. సరిహద్దులు మారినా చుట్టరికాలు మారలేదు. అందుచేత థైరాయిడ్ వచ్చిందన్న మాట పొక్కగానే తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూల్లో సలహాలు మూడు రాష్ట్రాల నుంచీ చేరతాయి. భాష ఏదైనా అన్నీ ఏదో ఒకటి మానేయమనేవే.

మొదట మానేయమనేది గోధుమ. అందులోని గ్లూటెన్ వల్లే ఈ జబ్బని ఫోన్లలో ప్రచారం. తాతల కాలం నుంచి జొన్నరొట్టె తిన్న ఇళ్లలోనూ థైరాయిడ్ వచ్చిన సంగతి ఆ ఫోన్లకు తెలియదు. సీలియాక్ జబ్బు కూడా ఉన్నవాళ్లు గోధుమ మానాల్సిందే. తక్కినవాళ్లకు మానితే మేలని గట్టి రుజువు లేదు.

తర్వాత గోబీ, క్యాబేజీ. పచ్చివి రోజూ బుట్టెడు నమిలేవాళ్లు ఆలోచించాలి గానీ, ఉడికించి మామూలుగా తినేవాళ్లకు భయం లేదు. సజ్జల్లో థైరాయిడ్‌ను అణచే పదార్థాలున్న మాట నిజమే. అయోడిన్ కరువై, మూడు పూటలా సజ్జలే తిండిగా ఉన్న సూడాన్ ప్రాంతాల్లో అది సమస్యగా కనిపించింది. ఎళ్ల అమావాస్య పండుగకు చేనులో కూర్చుని భజ్జి కూరతో తినే సజ్జరొట్టెను ఆ పద్దులో వేయడం అన్యాయం. ఇక సోయా. ఖరీఫ్‌లో ఈ జిల్లా చేలల్లో ఎక్కువగా సోయానే. సోయా చిక్కుడు గ్రంథిని చంపదు, గోలీ ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది. కాబట్టి మీల్ మేకర్ కూర మధ్యాహ్నానికి జరిపితే చాలు.

ఉప్పు సంగతిలో గొడవ రెండు వైపులా ఉంది. శ్రీకాకుళంలో పుట్టి విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి 1956 నుంచి హిమాచల్ కాంగ్రా లోయలో కొన్ని ప్రాంతాలకు అయోడిన్ ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు ఇప్పించి, అయోడిన్ ఉప్పు తిన్నచోట గళగండం అనే గొంతు వాపు తగ్గిందని సహచరులతో కలిసి నిరూపించాడు. 1962లో గళగండం నియంత్రణకు జాతీయ కార్యక్రమం మొదలైంది. ఇవాళ పొట్లంలోని ఉప్పులో పది లక్షల పాళ్లకు కనీసం 15 పాళ్ల అయోడిన్ ఉండాలి. ఒక తెలుగువాడు ఇంత కష్టపడి తెచ్చిన ఉప్పును వదిలి, కొందరు అయోడిన్ కలపని గులాబీ రంగు రాళ్ల ఉప్పును ఎక్కువ ధరకు కొంటారు. ఇంకొందరు థైరాయిడ్‌కు అయోడిన్ మంచిదట అని సముద్రపు నాచు మాత్రలు మింగుతారు. హషిమోటో ఉన్నవాళ్లకు మితిమీరిన అయోడిన్ జబ్బును ఇంకా రెచ్చగొడుతుంది. కూరలో వేసే మామూలు అయోడిన్ ఉప్పు సరిపోతుంది.

సప్లిమెంట్లలో అందరికంటే గొప్ప విదూషకుడు బయోటిన్. జుట్టు రాలుతోందని కొనే గమ్మీల్లో అది దండిగా ఉంటుంది. జుట్టుకు ఏం చేస్తుందో గానీ, చాలా ల్యాబుల్లో వాడే థైరాయిడ్ పరీక్షను మాత్రం తప్పుదోవ పట్టిస్తుంది. థైరాయిడ్ హార్మోను తగ్గితే పెరిగే, ఎక్కువైతే తగ్గే టీఎస్‌హెచ్ అనే అంకె ఉన్నదానికన్నా తక్కువగా కనబడుతుంది. గోలీ ఎక్కువైందనుకుని డాక్టరు మోతాదు తగ్గిస్తాడు. మోతాదు తగ్గితే జుట్టు మళ్లీ రాలుతుంది. మళ్లీ రాలితే ఇంకో డబ్బా గమ్మీలు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు నుంచి బయోటిన్ ఆపితే ఈ నాటకానికి తెర పడుతుంది. సెలీనియం కొంచెం మర్యాదస్తురాలు. రక్తంలో యాంటీబాడీల అంకెను కాస్త తగ్గిస్తుంది, మనిషికి కలిగే మేలు మాత్రం స్పష్టంగా తేలలేదు. ఎక్కువైతే గోళ్లు విరుగుతాయి, జుట్టు రాలుతుంది. ఏ దారిన పోయినా నష్టపోయేది జుట్టే.

పొద్దున చాయ్‌ను ఓడించలేని ఇళ్లకు మరో మార్గం ఉంది. రాత్రి భోజనమైన మూడు గంటలకు, పడుకోబోయే ముందు గోలీ వేసుకోవచ్చు. పెళ్లిళ్ల కాలంలో పదకొండింటికి భోంచేసి వచ్చేవాళ్లకు మాత్రం ఇది కుదరదు. ఏ వేళ ఎంచుకున్నా రోజూ అదే వేళ ఉండాలి. సీసా పొయ్యి పక్కన పెట్టకూడదు. వేడి, వెలుతురు, చెమ్మ మూడూ దానికి పడవు. ఒక రోజు మరిచిపోతే కొంప మునగదు, ఈ మందు సగం తగ్గడానికే వారం దాకా పడుతుంది. గర్భం వచ్చిందని తెలిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పాలి, చాలామందికి అప్పుడు మోతాదు పెంచాలి.

మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూస్తారు, అంతకన్నా ముందు చూసి లాభం లేదు. ఆ రోజు రక్తం ఇచ్చాకే గోలీ వేసుకోవాలి. రిపోర్టులో అంకె పెరిగి ఉంటే, డాక్టరు మోతాదు పెంచుతూ చీటీ రాసేలోపు పరగడుపున ఏమేం తాగుతున్నారో ఆయనకు చెప్పండి, అత్తగారిచ్చిన చాయ్‌తో సహా.