నేను మరిగితే: ఒక బ్రేక్ ఆయిల్ ఆత్మకథ

పెడల్ మీద పడిన కాలి బలాన్ని నాలుగు చక్రాలకూ మోసుకెళ్లడమే నా బతుకు. గ్లైకాల్ ఈథర్లతో పుట్టాను. బానెట్ కింద చిన్న ప్లాస్టిక్ డబ్బా, అక్కణ్నుంచి చక్రాల దాకా సాగే సన్నని గొట్టాలు నా ఇల్లు. నేనుండేది వికారాబాద్, తాండూరుల మధ్య తిరిగే మామూలు పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌లో. దీన్ని తొలిసారి ట్రాక్ డేకి తీసుకెళ్తారట. అది పోటీ కాదు. ఎదురు లారీ, గేదె, స్పీడ్ బ్రేకర్ లేని చోట కారును దాని హద్దు దాకా నడిపి చూసుకోవడం. అనంతగిరి ఘాట్ మలుపుల్లో పందేలు కట్టడం కన్నా వెయ్యి రెట్లు నయం. కానీ ట్రాక్ డే అనగానే ముందు గుర్తొచ్చేవి ఇంజిన్ బలం పెంచే ఈసీయూ రీమ్యాప్, మోత మోగే సైలెన్సర్, వెడల్పాటి అల్లాయ్‌లు. నా లెక్క వేరు. మొదటిసారి వెళ్లే కారులో ముందు ఆపే సరంజామాను చూసుకోవాలి, అందులోనూ మొదటి రూపాయి నా మీద పెట్టాలి.

ఇది స్వార్థమనిపిస్తే లెక్క కట్టి చూడండి. 900 కిలోల కారు గంటకు 120 కిలోమీటర్ల నుంచి 60కి దిగాలంటే దాదాపు 375 కిలోజౌళ్ల శక్తిని వదిలించుకోవాలి. లీటరు కుళాయి నీళ్లు తెర్లడానికి అది చాలు. కొన్ని సెకన్లలో అందులో ఎక్కువ భాగం ప్యాడ్లు, డిస్కుల మీదే పడుతుంది. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ దాదాపు 3.7 కిలోమీటర్లు, ఒక్కో ల్యాప్‌లో ఇలా గట్టిగా ఆపాల్సిన మలుపులు అనేకం, మధ్యలో చల్లారే తీరిక తక్కువ. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఇ విద్యుత్ కార్లు వేగం తగ్గేటప్పుడు ఆ శక్తిలో మంచి వాటాను బ్యాటరీలోకి తిప్పుకుంటాయి. మా పెట్రోల్ కారుకు ఆ వీలు లేదు. డిస్క్ నుంచి ప్యాడ్‌కు, ప్యాడ్ నుంచి క్యాలిపర్‌కు, అక్కణ్నుంచి నాకు వేడి పాకుతుంది.

నాలో ఒక లోపముంది: నీటిని పీలుస్తాను. రబ్బరు గొట్టాల గుండా, డబ్బా మూత గుండా తేమ మెల్లగా చేరుతూనే ఉంటుంది. ముసురు పట్టే రోజుల్లో మరీనూ. నాలాంటి డాట్ 4 ప్రమాణపు ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ప్రమాణం అడిగేది 155 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. కాలి బలమంతా బుడగల్ని నలపడానికే పోయి పెడల్ నేల దాకా దిగిపోతుంది.

“రోజూ అనంతగిరి ఘాట్ దిగుతున్నాం, బ్రేకులు ఒక్కసారీ మొరాయించలేదు కదా” అనొచ్చు. నిజమే. అక్కడ రెండో గేరులో ఇంజినే సగం పని చేస్తుంది, వేగమూ తక్కువే. అందుకే పాతబడ్డ నేను రోడ్డు మీద పట్టుబడను. రోడ్డు మీది మంచి నడవడి ట్రాక్‌కు సాక్ష్యం కాదు. “బలం పెంచకుండా ట్రాక్ ఎందుకు?” అనేవారికీ జవాబుంది: వేగం పది శాతం పెరిగితే ఆపాల్సిన శక్తి 21 శాతం పెరుగుతుంది. రీమ్యాప్ చేయించి నన్ను పాతగా ఉంచితే నా కష్టాన్ని డబ్బిచ్చి పెంచుకున్నట్టే. పెద్ద డిస్కులు వేయిస్తే మేలే గానీ, వాటి క్యాలిపర్లలోకీ నీళ్లు తాగిన నన్నే పంపితే ఏం లాభం? డాట్ 4 బదులు డాట్ 5.1 పోయొచ్చు. డాట్ 5 మాత్రం వద్దు. అది సిలికాన్ జాతి, నాతో కలవదు.

మిగతావి చిన్న పనులు, కానీ మానకూడదు. ప్యాడ్ల మందం చూడాలి. తాండూరు నాపరాతి లారీల వెంట తిరిగిన కారైతే ఎయిర్ ఫిల్టర్, వెనక డ్రమ్ములు విప్పి దుమ్ము దులపాలి. చక్రాల నట్లు కొలత ప్రకారం బిగించాలి. టైర్లు వేడెక్కితే గాలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి కొన్ని ల్యాప్‌ల తర్వాత మళ్లీ కొలవాలి. సీట్ల కింద దొర్లే సీసాలు తీసేయాలి. మామూలు కారు బీమా రేసులు, వేగ పరీక్షలకు వర్తించదు కాబట్టి పాలసీ కూడా చదవాలి. చివరి ల్యాప్ నెమ్మదిగా తిప్పి చల్లారనిచ్చి, హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేరులో ఉంచి, చక్రాలకు అడ్డు పెట్టాలి.

కానీ వీటన్నిటికన్నా ముందు, ట్రాక్‌కు బయల్దేరకముందే నన్ను తీసేసి కొత్తదాన్ని పోసి, నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ తీయించండి. ఆ పనిలో చుక్క బాడీ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, పెయింట్‌ను తినేస్తాను.