మీనమేషాల రాయుడు

అమెరికాలో సెప్టెంబరు నుంచి డిసెంబరు ఆఖరు దాకా ఆదివారం పూట ఒక రకం మనిషి తగులుతుంటాడు. ఇంట్లోనే ఉంటాడు గానీ ఇంట్లో ఉన్నట్టుండడు. పిలిస్తే ‘ఊఁ’ అంటాడు, అంతే, చూపు ఫోను మీంచి తిప్పడు. ఫాంటసీ ఫుట్‌బాల్ ఆడే లక్షలాది మందిలో ఒకడు. నిజమైన ఆటగాళ్లను ఏరుకుని ఊహలో ఒక జట్టు కట్టుకోవడం, మైదానంలో వాళ్లు సంపాదించిన యార్డులనూ, బంతితో గోల్ లైను దాటి చేసిన టచ్‌డౌన్లనూ తన ఖాతాలో పాయింట్లుగా జమ వేసుకోవడం ఆ ఆట. డ్రీమ్ ఎలెవెన్ ఎరిగినవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. మనవాడికి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ గురించి చింత లేదు. చింతంతా టైట్ ఎండ్ గురించే. ఆ వారం ఆడించే లైనప్‌లో ఆ స్థానం ఒక్కటి, చేతిలో మనుషులిద్దరు. వీణ్ణి మీనమేషాల రాయుడందాం. గెలవాలన్న తపనతోనే రాయుడు ఇంత మథనపడుతున్నాడని చూసేవాళ్లు అనుకుంటారు. నేను ఒప్పుకోను. రాయుడికి కావలసింది గెలుపు కాదు. ఓడిపోతే ఆ నింద తన నెత్తికి చుట్టుకోకుండా ఉండటం.

ముందు ఆ స్థానం సంగతి చెప్పకపోతే రాయుడికి అన్యాయం చేసినట్టే. టైట్ ఎండ్‌కు సగం ఉద్యోగం లైను చివర నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకోవడం, మిగతా సగం పరుగెత్తి బంతి పట్టడం. ఏ వారం ఏ సగం ఎక్కువ చేయిస్తారో కోచ్‌కే ఎరుక. అడ్డుకున్నందుకు ఫాంటసీలో చిల్లిగవ్వ రాలదు. పది యార్డులకు ఒక పాయింటు, టచ్‌డౌన్‌కు ఆరు, చాలా లీగుల్లో పట్టిన ప్రతి బంతికీ ఒకటో అరో. ట్రావిస్ కెల్సీలాంటివాడు 2016 నుంచి 2022 దాకా వరసగా ఏడు సీజన్లు వెయ్యి యార్డులు దాటాడు. బ్రాక్ బవర్స్ 2024లో అడుగుపెట్టిన ఏడాదే 112 బంతులు పట్టాడు. అలాంటివాడు చేతికి చిక్కినవాళ్లకు ఆదివారం హాయిగా గడిచిపోతుంది. మిగిలినవాళ్లది గుంపు వ్యవహారం. మంచిరోజైతే నాలుగు బంతులు, నలభై యార్డులు. వాళ్లలో ఎవడు ఎక్కువ తెస్తాడన్నది టచ్‌డౌన్ తేల్చాలి. ఒక టచ్‌డౌన్ అరవై యార్డుల పెట్టు. గోల్ లైను దగ్గర ఆ చివరి బంతి ఎవరి చేతికి పోతుందో రాయుడే కాదు, బంతి విసిరేవాడు కూడా ముందుగా చెప్పలేడు.

సాక్ష్యాలకు కొదవ లేదు. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2021లో, కైల్ పిట్స్‌ను అట్లాంటా జట్టు నాలుగో ఆటగాడిగా తీసుకుంది. అంత ముందు వరసలో అంతకుముందు ఏ టైట్ ఎండ్‌నూ ఎవరూ తీసుకోలేదు. పిట్స్ ఆ నమ్మకం నిలబెట్టాడు, ఆ ఏడు 1,026 యార్డులు సాధించాడు. టచ్‌డౌన్లు మాత్రం ఒకే ఒక్కటి. ఆ ఒక్కటీ లండన్‌లో జరిగిన ఆటలో, కాలిఫోర్నియావాడు ఇంకా దుప్పట్లోంచి బయటికి రాని వేళ. 2024లో ట్రే మెక్‌బ్రైడ్ 111 బంతులు పట్టాడు గానీ, పట్టిన బంతితో తొలి టచ్‌డౌన్ చేయడానికి పదిహేడో వారం దాకా ఆగాల్సి వచ్చింది. ఇక టేసమ్ హిల్ సంగతి చెప్పేదేముంది! కొన్ని ఆప్‌లు టైట్ ఎండ్ జాబితాలో చేర్చిన ఈయన 2022 అక్టోబరులో సియాటిల్ మీద మూడు టచ్‌డౌన్లు పరుగెత్తి సాధించి, నాలుగోది తానే బంతి విసిరి మరొకడి చేత చేయించాడు. పట్టాల్సినవాడు పట్టడం మానేసి నాలుగు టచ్‌డౌన్లకు కారకుడయ్యాడు. దీన్ని ఏ పట్టిక చూసి ముందే పసిగడతారు?

అయినా రాయుడు పట్టికలు చూస్తాడు. ఆప్‌లో ఒకడి పేరు ఎదురుగా 8.4 అని అంచనా ఉంటుంది, రెండోవాడికి 8.1. శనివారం రాత్రి మొదటివాణ్ణి ఎక్కిస్తాడు. ఆదివారం పొద్దున అంకెలు అటూ ఇటూ అవుతాయి, వీడు దిగి వాడు ఎక్కుతాడు. ఆ 0.3 పాయింటు అంటే మూడు యార్డులు. ఆరున్నర అడుగుల మనిషి చెయ్యి చాపి బోర్లాపడితే దాదాపు అంతదూరం వస్తుంది. ఆ బోర్లాపాటు కోసం రెండు పూటల మనశ్శాంతి పోగొట్టుకున్నవాణ్ణి గెలుపు కోసం తపించేవాడనడం నాకు మనసొప్పదు.

అసలు రెండోవాణ్ణి ఎందుకు తెచ్చుకున్నట్టు? భద్రత కోసమంటాడు. పద్దెనిమిది వారాల సీజన్‌లో ప్రతి జట్టుకూ ఆట లేని వారం ఒక్కటే. గాయాల మాట పక్కన పెడితే రెండోవాడు అక్కరకొచ్చేది ఆ ఒక్క వారమే. ఆ ఒక్క వారం కోసం మిగతా వారాలన్నీ తగువు పెట్టుకున్నాడు. ఒక్కడే ఉంటే వాడు సున్నా చుట్టినా తలరాత అనుకుని ఊరుకునేవాడు. ఇప్పుడు ఆ సున్నాకు పక్కనే పోలిక కూర్చుంది. బెంచి మీద కూర్చోబెట్టినవాడి పాయింట్లు లెక్కలోకి రావు, కానీ తెరమీద కనిపిస్తాయి. లైనప్ కింద కాస్త వెలిసిన రంగులో, నిమిష నిమిషానికీ పెరుగుతూ. 1963లో ఓక్లాండ్‌లో ఎనిమిది మంది యజమానులతో మొట్టమొదటి ఫాంటసీ లీగు మొదలైనప్పుడు ఇలా బెంచి స్కోరు చూపించి ఏడిపించే ఫోను ఎవరి జేబులోనూ లేదు. అదృష్టవంతులు. రాయుడు ఆట చూస్తున్నట్టే ఉంటాడు గానీ, చూసేది తాను ఆడించనివాడి ఆట. మనస్ఫూర్తిగా కోరుకునేది తన టైట్ ఎండ్ టచ్‌డౌన్ చేయాలని కాదు, రెండోవాడు చేయకూడదని.

డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగు సాఫ్ట్‌వేర్‌వాళ్లలోనూ రాయుళ్లు తయారయ్యారు. సోమవారం లంచ్ దగ్గర మాట కలుస్తుందని ఆఫీసు లీగులో చేరతారు. అక్కడ తొలి ఆటలు మధ్యాహ్నం పన్నెండుకు. ఆడనివాళ్ల జాబితా అంతకు గంటన్నర ముందు వస్తుంది. సరిగ్గా ఆ వేళకే ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం. ఒళ్లో అక్షింతలు, బల్ల కింద ఫోను. పక్కన కూర్చున్నవాణ్ణి ‘బావా, వీడా వాడా?’ అని అడుగుతాడు. ఆ బావకు టైట్ ఎండ్ అంటే ఏమిటో తెలియదు, ఎంతసేపూ కోహ్లీ గురించి తప్ప మాట్లాడడు. తెలియనివాణ్ణి అడగటమేమిటని మీకు అనిపించవచ్చు. నా వాదనకు ఇంతకన్నా గట్టి రుజువు లేదు. సమాచారం కావలసినవాడు తెలిసినవాణ్ణి అడుగుతాడు. సాకు కావలసినవాడు ఎదురుపడిన ప్రతివాణ్ణీ అడుగుతాడు. సోమవారం చూడండి. గెలిస్తే ‘నాకు ముందే తెలుసు’, ఓడితే ‘మా బావ చెప్పాడు’.

రాయుడి తరఫు వకీళ్లు ఊరుకోరు. ఇది నైపుణ్యం మీద నడిచే ఆట, చట్టమే ఆ మాట అంటోంది అంటారు. నిజమే. 2006లో ఇంటర్నెట్ జూదం మీద అమెరికా చేసిన చట్టం ఫాంటసీ ఆటలకు మినహాయింపునిచ్చింది. ఫలితంలో ఆడేవాళ్ల జ్ఞానం, నైపుణ్యం కనబడాలంది. కానీ వకీలు గారు చదవని ముక్క ఒకటి అక్కడే ఉంది: ఒక్క ఆటగాడి ఒక్క ఆట మీదే గెలుపు ఆధారపడకూడదు. అంటే నేర్పు ఉన్నది సీజన్ మొత్తంలో, డ్రాఫ్ట్‌లో, ఎవరూ పట్టించుకోనివాణ్ణి ముందుగా పట్టుకోవడంలో. ఈ ఆదివారం ఈ ఇద్దరిలో ఎవడన్న చోట కాదు. గాయాల సమాచారం మాటేమిటంటారా? అది వాదన కాదు, వార్త. ఆడనివాడి పేరు జాబితాలో ఉంటే తీసెయ్యడానికి అరనిమిషం చాలు. సరదా కదా, పోనిద్దురూ అన్నది మూడో మాట. సరదాపడేవాడి మొహం అలా ఉండదు. అయితే ఒక్క అభ్యంతరానికి మాత్రం నేను తల ఒగ్గుతాను: ఆఖరి స్థానంలో నిలిచినవాడికి కొన్ని లీగులు వేసే శిక్ష. ఇరవై నాలుగు గంటలు వాఫుల్ హౌస్ హోటల్లో కూర్చోవాలి; తిన్న ఒక్కో వాఫుల్‌కూ ఒక గంట మాఫీ. ఆ భయంతో చేసిన పని ఏదైనా క్షమించవచ్చు. కానీ సంవత్సరాల తరబడి రాయుడు చివరికి రాడు, మొదటికీ రాడు. మధ్యలో ఎక్కడో ఉంటాడు.

మీ ఇంట్లోనో స్నేహితుల్లోనో ఇలాంటివాడుండి ఆదివారం పొద్దున ‘వీడా వాడా’ అని అడిగితే, ఆలోచించకుండా మొదటి పేరు చెప్పేయండి. రెండోది చెప్పినా సోమవారం తిట్లు తప్పవు.